రెసిడెన్సీ దొర కిర్క్‌పాట్రిక్ : ఆయన పూర్వులు, ఆయన బిడ్డలు

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం ఇవ్వవలసినదని సంపాదక వర్గంవారు కోరినప్పుడు, మేము ముందుగా మన సంఘపు పాత రిజిస్టర్లను తీసి చూశాము. బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు - మూడు వరుసల పుస్తకాలు. అట్టలు ఊడిపోయినవి కొన్ని, చెదలు తిన్నవి కొన్ని. పేర్లు ఉన్నవి, తేదీలు ఉన్నవి. కాని చూడగా చూడగా ఒక సంగతి మా మనసును పట్టుకొన్నది. కొన్ని వరుసలలో తల్లి పేరు లేదు. కొన్నింటిలో ఇంటిపేరు లేదు. బాప్తిస్మానికి ముందు ఆ మనిషిని ఇంట్లో ఏమని పిలిచేవారో దాదాపు ఎక్కడా లేదు.

విదేశాలలో స్థిరపడినవారు మా తాతగారి బాప్తిస్మం ఫలానా సంవత్సరంలో మీ దేవాలయంలోనే జరిగింది, చూసి చెప్పగలరా అని ఉత్తరాలు వ్రాస్తుంటారు. వారిలో స్కాట్లండు ఇంటిపేర్లు గల ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలవారూ ఉంటారు. తండ్రి తండ్రి తండ్రి పేరు వరకు దారి దొరుకుతుంది. తల్లి వైపు ఒకటి రెండు మెట్లు ఎక్కేసరికి దారి మూసుకొని పోతుంది. ఇది ఎందువల్ల జరుగుతుందో తెలియాలంటే మన పేటకు దగ్గరలోనే జీవించిన ఒక స్కాటు వంశస్థుని కథ చెప్పుకొంటే చాలునని మాకు తోచింది. ఆయనే హైదరాబాదు బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్.

అబిడ్స్ నుండి ట్రూప్ బజారు మీదుగా కోఠీకి నడిచి వెళ్లేవారికి ఆయన కట్టించిన భవనం తెలియనిది కాదు. ఎత్తయిన మెట్లు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, బారులు తీరిన పెద్ద స్తంభాలు. మన ఆడపిల్లలు తరతరాలుగా చదువుకొన్న కోఠీ మహిళా కళాశాల అదే. 2022 నుండి అది మహిళా విశ్వవిద్యాలయం. కోఠీ అన్న పేరే ఆ రెసిడెన్సీ కోఠీ వలన వచ్చింది.

ఇంటిపేరు వెనుక కథ

కిర్క్ అంటే స్కాట్లండు వాడుకలో దేవాలయం. కిర్క్‌పాట్రిక్ అంటే పాట్రిక్ భక్తుని దేవాలయం. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు గదా! వారి వంశానికి మూలస్థానమని చెప్పుకొనేది దక్షిణ స్కాట్లండులోని డంఫ్రీస్ జిల్లా, క్లోజ్‌బర్న్ గ్రామం. 1306లో రాబర్ట్ బ్రూస్ డంఫ్రీస్ పట్టణంలో తన ప్రత్యర్థిని కూల్చిన రోజున అతనికి తోడున్నవాడు మా పూర్వీకుడేనని ఆ వంశంవారు ఏడు వందల ఏండ్లుగా చెప్పుకొంటున్నారు. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ భార్య యూజనీ తల్లి కూడా కిర్క్‌పాట్రిక్ ఆడపడుచే. ఆమె తాతగారు స్పెయిన్‌లో వర్తకం చేసుకొనే రోజులలో, కుమార్తెకు పెద్దింటి సంబంధం వచ్చినప్పుడు, తమది కులీన వంశమని రుజువు చేయడానికి ఎడింబరో నుండి వంశ ధ్రువపత్రం తెప్పించుకొన్నారు. పెళ్లి కోసం వంశవృక్షం వెదకడం మన దేశంలోనే కాదు, అక్కడా ఉన్నదన్నమాట.

మన కిర్క్‌పాట్రిక్ శాఖవారు 18వ శతాబ్ది తొలి భాగంలో సముద్రం దాటి అమెరికాలోని సౌత్ కరోలినాకు చేరారు. జేమ్స్ తండ్రి కూడా పేరుకు జేమ్సే. అక్కడి నుండి వచ్చి మద్రాసు అశ్వదళంలో కర్నలు అయినాడు. చాలా అందగాడని పేరు. ఆయన మద్రాసులో కాథరిన్ మన్రో అనే వైద్యుని కుమార్తెను పెళ్లాడాడు. మన్రో కూడా స్కాటు ఇంటిపేరే. వారికి 1764లో సెయింట్ జార్జి కోటలో మన జేమ్స్ జన్మించాడు. పసితనంలోనే తల్లి చనిపోయింది. పిల్లవానిని ఇంగ్లండుకు పంపారు. ఈటన్ పాఠశాలలో చదువు. 1779లో, పదిహేనేండ్ల ప్రాయంలో, కంపెనీ సైన్యంలో చేరడానికి తిరిగి మద్రాసు వచ్చాడు. తల్లి ముఖం గుర్తులేని ఈ పిల్లవాడే తరువాత తన బిడ్డలను కూడా అదే విధంగా తల్లి నుండి దూరం పంపవలసి వచ్చిందని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

హైదరాబాదులో

జేమ్స్‌కు విలియం అనే సవతి అన్న ఉండేవాడు. పారసీక భాషలో పండితుడు. ఆయన హైదరాబాదులో రెసిడెంటుగా ఉండగా జేమ్స్ సహాయకుడుగా వచ్చాడు. అన్న ఆరోగ్యం చెడి వెళ్లిపోగా 1797లో ఆ బాధ్యతలు తమ్ముని మీద పడ్డాయి. మరుసటి సంవత్సరం ఆ పదవి ఆయనకే స్థిరపడింది.

అప్పటి నిజాము అలీఖాన్ దగ్గర ఫ్రెంచి సేనాని రేమండు తయారుచేసిన పెద్ద సైన్యం ఉండేది. మన గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు రేమండు ఫిరంగుల కొలిమి వలన వచ్చినదే. మూసారాంబాగులో ఉన్నదీ ఆయన పేరే. 1798 మార్చిలో రేమండు మరణించాడు. సెప్టెంబరులో జేమ్స్ నిజాముతో సంధి కుదిర్చాడు. అక్టోబరులో పదివేలకు పైబడిన ఆ ఫ్రెంచి దళాన్ని యుద్ధం లేకుండా ఆయుధాలు దింపించాడు. 1800లో జరిగిన మరొక సంధి ప్రకారం బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి వెళ్లాయి. దత్త మండలం అని పిలిచి, తరువాత రాయలసీమ అని మనం పేరు మార్చుకొన్న నేల అది. అక్కడికి పెద్ద కలెక్టరుగా వెళ్లిన థామస్ మన్రో కూడా స్కాటువాడే. మన తెలుగు నేల విడిపోయిన ఒక గీతకు ఈ దొరగారి సంతకం ఉన్నదని మరువరాదు. ఆ సంధిని పొగడవలసిన పని మనకు లేదు.

అయితే ఈ ఊరిమీద మనసు పెట్టిన దొరలలో ఆయన ఒకడు. పారసీకము, హిందూస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో మొగలాయి దుస్తులు ధరించేవాడు. నిజాము ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదు ఇచ్చి కన్నకొడుకు వలె చూసుకొన్నాడంటారు. రెసిడెన్సీ స్థలం గురించి ఒక ముచ్చట చెప్పుకొంటారు. జేమ్స్ స్థలం పటాన్ని పెద్ద కాగితం మీద గీయించి తీసుకొని పోతే నిజాము చూసి వద్దన్నాడట. ఇంత పెద్ద పటం రాజ్యం పటమంత ఉన్నదే, రాజ్యమే అడుగుతున్నాడేమోనని ఆయన భయం. జేమ్స్ ఆ పటాన్నే చీటీ అంత చిన్నదిగా గీయించి మరల తీసుకొని వెళ్లగా వెంటనే ఒప్పుకొన్నాడట. 1803లో కట్టడం మొదలైంది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ సామ్యూల్ రస్సెల్. ఖర్చు నిజాముది.

ఖైరున్నీసా బేగం

ఆ పటాలు, సంధులు చరిత్ర పుస్తకాలలో ఉండే మాటలు. ఆయన పేరు నేటికీ నిలిచింది మరొక కారణాన.

హైదరాబాదు ప్రభువులలో బాకర్ అలీఖాన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన కుమార్తె షరఫున్నీసా, ఆమె కుమార్తె ఖైరున్నీసా. సయ్యదుల ఇల్లు. తరువాత దివాను అయిన మీర్ ఆలం వారికి దగ్గర బంధువు. మీర్ ఆలం చెరువు ఆయన పేరిటిదే. ఖైరున్నీసాకు వేరొక సంబంధం నిశ్చయమై ఉండగా, ఆమె, జేమ్స్ ఒకరిపై ఒకరు మనసు పడ్డారు. 1800లో రహస్యంగా ముస్లిం పద్ధతిలో నిఖా జరిగింది. దాని కోసం జేమ్స్ ఇస్లాం స్వీకరించాడు. క్రైస్తవ సంచికలో ఈ సంగతి దాచి వ్రాయడం మాకు ఇష్టం లేదు. ఉన్నది ఉన్నట్టు వ్రాయడమే చరిత్రకు మర్యాద.

ఊరంతా గుసగుసలు. గవర్నరు జనరల్ వెల్లస్లీకి ఫిర్యాదులు. బలవంతం జరిగిందా, రాజకీయ ద్రోహం ఉన్నదా అని 1801లో విచారణ కూడా జరిగింది. జేమ్స్ ఉద్యోగం పోయే దశ వరకు వెళ్లి నిలిచింది. ఆ ఏడే మార్చిలో కుమారుడు పుట్టాడు. పేరు మీర్ గులాం అలీ. ముద్దుగా సాహెబ్ ఆలం. 1802 ఏప్రిల్‌లో కుమార్తె నూరున్నీసా. ముద్దుగా సాహెబ్ బేగం. ఘోషాలో ఉండే భార్య కోసం జేమ్స్ రెసిడెన్సీ తోటలో రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. ఆమె పెద్ద భవనాన్ని బయటకు వచ్చి చూడలేదు కనుక, తోటలోనే ఆ భవనానికి చిన్న నమూనా కట్టించి చూపించాడని వాడుక.

బిడ్డల ప్రయాణం

ఆ కాలంలో దొరల బిడ్డలకు ఇంగ్లండు చదువు ఉంటే తప్ప గౌరవం లేదు. ఈ దేశపు తల్లికి పుట్టిన బిడ్డలకు కంపెనీ కొలువులో పెద్ద పదవుల తలుపులు అప్పటికే మూసివేశారు. అందువలన 1805లో, కొడుకుకు నాలుగేండ్లు, కూతురుకు మూడేండ్లు నిండగానే, వారిని ఓడ ఎక్కించాలని తండ్రి నిశ్చయించాడు. తల్లికి అది ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరి బొమ్మ వేశాడు. హైదరాబాదు దుస్తులలో, మెట్ల మీద నిలుచున్న ఇద్దరు పసిబిడ్డలు. ఆ పటం తల్లి దగ్గరకు వచ్చింది. బిడ్డలు సెప్టెంబరులో ఓడ ఎక్కారు.

మరుసటి నెల, అక్టోబరు 15న, జేమ్స్ కలకత్తాలో జబ్బుతో మరణించాడు. వయసు 41. భార్య పక్కన లేదు. బిడ్డలు సముద్రం మీద ఉన్నారు.

వారు లండను చేరాక 1806 మార్చి 25న మేరిల్‌బోన్‌లోని సెయింట్ మేరీస్ దేవాలయంలో వారికి బాప్తిస్మం జరిగింది. రిజిస్టరులో వారి పేర్లు విలియం జార్జి, కాథరిన్ అరోరా. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అనే పిలుపులు అక్కడితో ఆగిపోయాయి. కాథరిన్ అన్నది జేమ్స్ చిన్నప్పుడే పోగొట్టుకొన్న తల్లి పేరు. ఆ విధంగా నాయనమ్మ పేరు మనుమరాలికి వచ్చింది, అమ్మ పెట్టిన పేరు పోయింది. తాత కెంట్ ప్రాంతంలోని ఇంట్లో వారిని పెంచాడు. తల్లికి బిడ్డల నుండి రాకపోకలు లేవు.

ఖైరున్నీసా మరుసటి సంవత్సరం తల్లితో కలకత్తా వెళ్లి భర్త సమాధి చూసింది. రెసిడెన్సీలో భర్త సహాయకుడుగా ఉన్న హెన్రీ రస్సెల్ ఆదరణ కొంతకాలమే నిలిచింది. మీర్ ఆలం ఆమెను హైదరాబాదుకు రానివ్వలేదు. కొన్ని ఏండ్లు మన మచిలీపట్నంలో ప్రవాసంలో గడిపింది. ఆయన మరణించిన తరువాత తిరిగి వచ్చి, 1813 సెప్టెంబరులో రెసిడెన్సీలోనే కన్నుమూసింది. ముప్పై ఏండ్లైనా నిండలేదు. బిడ్డలను మరల చూడలేదు.

అమ్మమ్మ ఉత్తరాలు

కుమారుడు విలియం చిన్నప్పుడే ప్రమాదం వలన అంగవికలుడై 1828లో చనిపోయాడు. కుమార్తె కాథరిన్‌ను అందరూ కిట్టీ అనేవారు. ఆమె 1824లో లండనులో స్కాటు బోధకుడు ఎడ్వర్డ్ ఇర్వింగ్ ఇంట్లో ఒక యువకునికి పరిచయమైంది. అతడే థామస్ కార్లైల్. అతడు పుట్టినది కిర్క్‌పాట్రిక్‌ల పూర్వుల డంఫ్రీస్ జిల్లాలోనే! హైదరాబాదులో పుట్టిన పిల్ల, డంఫ్రీస్ తాపీమేస్త్రీ కొడుకు లండనులో కలిశారు. కార్లైల్ తరువాత వ్రాసిన సార్టర్ రిసార్టస్ గ్రంథంలోని బ్లూమైన్ అనే కన్యకు ఈ కిట్టీయే మూలమని పండితులు చాలామంది చెబుతారు. ఆమె 1829లో ఫిలిప్స్ అనే అశ్వదళాధికారిని పెళ్లాడి, టార్కీ పట్టణంలో స్థిరపడింది.

ఇన్నేండ్లకు ఒక విచిత్రం జరిగింది. హెన్రీ రస్సెల్ హైదరాబాదు రెసిడెంటు పని కూడా చేసి ఇంగ్లండుకు మరలి స్వాలోఫీల్డ్ అనే చోట ఉండేవాడు. కిట్టీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు గోడమీద చిన్నరీ వేసిన పటం కనబడింది. అందులో ఉన్నది తానూ తన అన్నా అని తెలిసి ఆమె దుఃఖం ఆపుకోలేకపోయిందట. ఆ పటాన్ని తన తదనంతరం ఆమెకే చెందేటట్టు రస్సెల్ ఏర్పాటు చేశాడు. నేడది హాంకాంగులో ఒక బ్యాంకు సేకరణలో ఉన్నది.

ఆ రోజులలోనే తన అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో ఇంకా బ్రతికి ఉన్నదని, వృద్ధాప్యంలో ఆస్తి పోయి ఇబ్బంది పడుతున్నదని కిట్టీకి తెలిసింది. 1841లో, దాదాపు నలభై ఏండ్ల తరువాత, మనుమరాలు ఇంగ్లీషులో, అమ్మమ్మ పారసీకంలో ఉత్తరాలు వ్రాసుకొన్నారు. రెసిడెన్సీలోని డంకన్ మాల్కం అనే అధికారి ఆ ఉత్తరాలను అటూ ఇటూ చేర్చాడు. కిట్టీ అడిగినది సొమ్ము కాదు. తల్లి ఎట్లా ఉండేది, తనను ఎట్లా చూసుకొనేది అన్నదే ఆమె బెంగ. 1847లో అమ్మమ్మ చనిపోయింది. ఇద్దరూ కలుసుకోలేదు. కిట్టీ 1889 వరకు జీవించింది, హైదరాబాదు చూడలేదు.

రికార్డులు చెప్పినవి, చెప్పనివి

ఈ కథ మనకు ఎట్లా దక్కింది? ఇందులోనే మనకు కావలసిన పాఠం ఉన్నది.

మొదటిది వీలునామా. జేమ్స్ తన వీలునామాలో బిడ్డలకు చెరి పదివేల పౌన్లు వ్రాశాడు. నిఖా అయినా, ఆంగ్ల న్యాయస్థానంలో చిక్కు రాకూడదని కాబోలు, వారిని వివాహేతర సంతానమనే మాటతోనే పేర్కొన్నాడు. కాని ఆ పత్రంలోనే వారి తల్లి ఖైరున్నీసా బేగం అని పేరుపెట్టి, ఆమె గౌరవనీయురాలని, తన ప్రేమకు గుర్తుగా ఆమెకూ కొంత సొమ్ము చెందాలని వ్రాశాడు. ఆ కాలపు మద్రాసు బాప్తిస్మపు రిజిస్టర్లలో ఇటువంటి తల్లులను దేశీయ స్త్రీ అని మాత్రమే వ్రాసి వదిలినవి ఎన్నో. ఆ ఒక్క పేరు వ్రాసినందున ఈ వంశవృక్షంలో తల్లి కొమ్మ విరిగిపోలేదు.

రెండవది ఉత్తరాలు. జేమ్స్ తన అన్నకు వ్రాసినవి, కొన్ని సంకేత లిపిలో ఉన్నవి, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రస్సెల్ కాగితాలు ఆక్స్‌ఫర్డులో ఉన్నాయి. 1893లో బంధువు సర్ ఎడ్వర్డ్ స్ట్రేచీ ఎడింబరో పత్రిక బ్లాక్‌వుడ్స్‌లో ఈ వివాహ కథను మొదటగా లోకానికి చెప్పాడు. తరువాత స్కాటు రచయిత విలియం డాల్రింపుల్ 1997లో హైదరాబాదు వచ్చి ఐదేండ్లు శ్రమించి, 2002లో వైట్ మొఘల్స్ గ్రంథం ప్రకటించాడు. పాతబస్తీలోని పుస్తకాల దుకాణంలో మీర్ ఆలం బంధువు షుష్తరీ వ్రాసిన పారసీక గ్రంథం ఆయనకు దొరికింది. ఒకరి పూర్వులను వెదుకుతూ పోయిన ఆయనకు, తన పూర్వులలోనూ ఒక బెంగాలీ స్త్రీ ఉన్నదని తెలియవచ్చింది.

మన సంఘంలో స్కాటు ఇంటిపేరు గలవారు, వారి బంధువులు ఎవరైనా వెదకదలచుకొంటే దారి ఇదే. ముందు ఇంట్లోని పాత బైబిలు మొదటి పేజీ, సమాధి రాయి, పెళ్లి పత్రిక చూడాలి. తరువాత దేవాలయపు రిజిస్టరు. మద్రాసు ప్రాంతపు గురువులు ప్రతి ఏటా రిజిస్టర్లకు నకళ్లు వ్రాసి పంపగా అవి లండనుకు చేరి నేటికీ భద్రంగా ఉన్నవి. ఇక్కడి పుస్తకం చెదలు తిన్నా అక్కడి నకలు మిగిలి ఉండవచ్చు. రెసిడెన్సీ కాగితాలు ఢిల్లీ జాతీయ పురాభిలేఖాలయంలో, నిజాము ప్రభుత్వపు పత్రాలు మన తార్నాకలో ఉన్నవి. స్కాట్లండులో అయితే 1854 వరకు ఊరి దేవాలయపు రిజిస్టర్లే ఆధారం. 1855 జనవరి 1 నుండి ప్రభుత్వ నమోదు. అవన్నీ ఎడింబరోలో ఒకేచోట దొరుకుతాయి. అక్కడి నమోదులో ఒక మంచి పద్ధతి ఉన్నది. మరణ పత్రంలో సైతం చనిపోయినవారి తల్లి పుట్టింటి పేరు వ్రాస్తారు. అందుచేత స్కాటు వంశాలలో తల్లి వైపు వెదకడం సులభం. అదే వంశాలవారు మన దేశం వచ్చినప్పుడు మాత్రం ఇక్కడి తల్లుల పేర్లు వ్రాయడానికి కలం ఆడలేదు!

మన రిజిస్టర్లు

దొరల తప్పు చెప్పి ఊరకుంటే న్యాయం కాదు. మేము తీసి చూసిన రిజిస్టర్లు వ్రాసినది మనవారే. పల్లెల నుండి వచ్చి బాప్తిస్మం పొందిన మన ముత్తాతలకు, ముత్తవ్వలకు శాంతమ్మ, దానియేలు, మరియమ్మ అని కొత్త పేర్లు పెట్టి, పాత పేరు వ్రాయకుండా వదిలారు. ఆ పేర్లను కన్నతల్లి ఏ పొలం గట్టున, ఏ గుడిసెలో పెట్టి పిలిచిందో! సాహెబ్ బేగం పేరు చిత్రపటంలోను, ఉత్తరాలలోను మిగిలింది. మనవారికి పటాలు లేవు, ఉత్తరాలు లేవు. ఉన్నది ఆ ఒక్క వరుసే.

రంగ్ మహల్‌ను 1860లో కూల్చివేశారు. ద్వారం మాత్రం మిగిలింది. రాళ్లు పోయినా కాగితం నిలిచింది గనుకనే ఈనాడు మనం ఖైరున్నీసా పేరు చెప్పుకొంటున్నాము. ఈ నూరేండ్ల పండుగనాడు మేము సంఘ పెద్దలకు చేసే మనవి చిన్నది. పాత రిజిస్టర్లకు అట్టలు వేయించి, నకళ్లు తీయించి భద్రపరచుదాము. ఇక మీదట బాప్తిస్మపు వరుసలో తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు, ఉంటే పాత పేరు తప్పక వ్రాయించుదాము. ఇంటిలో ముసలివారు ఉన్నవారు ఈ ఆదివారం మధ్యాహ్నమే వారి పక్కన కూర్చుని, మీ అమ్మను ఏమని పిలిచేవారు అని ఒక్క మాట అడిగి, జవాబు వ్రాసి పెట్టండి. ద్విశతవార్షిక సంచిక వ్రాయబోయేవారు మనలను తలచుకొని సంతోషించెదరు.